నాన్న పేరేమిటి?

బ్యాంకులో ఖాతా తెరవాలన్నా, రేషన్ కార్డులో తప్పు దిద్దించుకోవాలన్నా, పాసు పుస్తకం కోసం మండలాఫీసు చుట్టూ తిరగాలన్నా మన కాగితాలన్నీ ఒక గడి దగ్గర ఆగి మన మొహం చూస్తాయి. తండ్రి లేక భర్త పేరు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. నాన్న పోయి పద్నాలుగేళ్ళయింది. అయినా ఏడాదికి అయిదారుసార్లు ఆయన పేరు రాస్తూనే ఉంటాను. ఆయనది దేవుడి పేరు, పొడుగాటిది. ఆ గడి ఎప్పుడూ చాలదు. చివరి రెండక్షరాలూ గీత దాటి పక్కనున్న పుట్టిన తేదీ గడిలోకి వెళ్ళిపోతాయి. ఇన్నేళ్ళలో ఆ రాయడం గురించి ఒక్కసారైనా ఆలోచించానా అంటే, లేదు. గుడి ముందు చెప్పులు విప్పినట్టు అదో అలవాటు. ఈమధ్య ఒక శనివారం సాయంత్రం, పన్నెండుమందిమి కూర్చున్న ఒక చిన్న గదిలో, ఒకావిడ నన్ను అదే ప్రశ్న అడిగింది. ఆవిడ చేతిలో దరఖాస్తేమీ లేదు. నన్నెలా పిలవాలో తెలుసుకోవడానికి అడిగింది. అప్పట్నుంచీ ఆ గడి నన్ను వదలడం లేదు.

అది రష్యన్ భాషా పరిచయ తరగతి. విశాఖపట్నంలో అలాంటివి నడుస్తుంటాయి. నాతోపాటు కూర్చున్నవాళ్ళలో ఎనిమిదిమంది మెడిసిన్ చదవడానికి అక్కడికి వెళ్ళబోయే పిల్లలు, ఇద్దరు ఓడల్లో పనిచేసేవాళ్ళు, ఒకమ్మాయి దేనికొచ్చిందో చెప్పదు. ఈ వయసులో మీకెందుకండీ అని పిల్లలు అడిగితే నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను. పాఠం చెప్పే ఆవిడ ముప్పై ఏళ్ళ కిందట, అక్కడ చదువుకున్న మన డాక్టరుని పెళ్ళి చేసుకుని వచ్చేసింది. తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకుంది. అత్తగారిది శ్రీకాకుళం వైపు. అందుకని విభక్తులు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, ‘ఏటి, రాసుకోలేదేటి?’ అంటుంది. మొదటిరోజు బల్ల మీద మూడు మాటలు రాసింది. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు. రష్యా కాగితాల్లో మనిషి ఈ వరసలోనే ఉంటాడట. ఇంటిపేరు ముందుండటం చూసి మేమంతా మనవాళ్ళే అనుకున్నాం. మూడోదాని దగ్గరే వచ్చింది చిక్కు. తండ్రి పేరుకి మగపిల్లాడైతే ‘ఒవిచ్’ అనో ‘యెవిచ్’ అనో, ఆడపిల్లయితే ‘ఒవ్నా’ అనో ‘యెవ్నా’ అనో తగిలించాలి. గౌరవించాల్సిన మనిషిని పేరుతోపాటు ఆ తండ్రి పేరునూ కలిపే పిలవాలి. అంటే సుబ్బారావుగారి అబ్బాయి సుబ్బారావొవిచ్, నరసింహంగారమ్మాయి నరసింహొవ్నా. గది గదంతా నవ్వింది. నా వంతు వచ్చింది. నాన్న పేరు చెప్పాను. ఆవిడ ఆ పొడుగు పేరుని రెండుసార్లు నోట్లో తిప్పి, చివర ఆ తోక అతికించి, నా పేరు పక్కన పెట్టి పిలిచింది. పిల్లలు మళ్ళీ నవ్వారు. నాకెందుకో నవ్వు రాలేదు. ఆయన పోయాక ఆ పేరును ఇంకొకరి నోట అంత మర్యాదగా వినడం అదే మొదటిసారి.

మనకు గౌరవం ‘గారు’లో ఉంది. వాళ్ళకు తండ్రిలో ఉంది. ఈ మాట రాసి చూసుకుంటే బాగానే ఉంది గానీ, నిజమేనా? మన ‘గారు’ ఎవరికి దక్కేది? నా చిన్నప్పుడు మా ఊళ్ళో కరణంగారు, మునసబుగారు, పంతులుగారు ఉండేవాళ్ళు. పొలం పనికొచ్చే పెద్దాయనకు డెబ్భై ఏళ్ళున్నా ఆయన పేరు చివర ‘గాడు’ ఉండేది. ఒక్క అక్షరం తేడా. ఆ ‘రు’కీ ఈ ‘డు’కీ మధ్య ఊరికి ఊరంతా ఉండేది, చెరువుతో సహా. రష్యాలోనూ ఈ తండ్రి పేరు మొదట్లో అందరిదీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో రెండో కేథరీన్ ఏలుబడిలో, ఉద్యోగుల్లో పై అయిదు హోదాల వాళ్ళకు కాగితం మీద పూర్తి ‘విచ్’ రాసేవారు. తర్వాతి మూడు హోదాలకు సగం తోకే. మిగతావాళ్ళకు ఉత్త పేరు. 1861 దాకా భూమితోపాటు అమ్ముడుపోయిన అర్ధబానిస రైతుకు నాన్న లేడా? ఉన్నాడు. మర్యాద దగ్గరికొచ్చేసరికి లేడు.

సర్వనామాల సంగతీ అంతే. ఇంగ్లీషులో దేవుడికీ కుక్కకీ ఒకటే మాట సరిపోతుంది. రష్యన్‌లో మన ‘నువ్వు’ లాంటి ‘తి’ ఒకటి, మన ‘మీరు’ లాంటి ‘వి’ ఒకటి ఉన్నాయి. మన ‘మీరు’ లాగే ఆ ‘వి’ కూడా బహువచనమే. ఈ రెండింటినీ మా తరగతిలో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. తెలుగువాడికి పుట్టుకతోనే వచ్చిన పాఠమది. దీని మీద పుస్తకాల్లో నేను చూసిన ఒక సంగతి మాత్రం చాలా రోజులు నా వెంట తిరిగింది. 1917 మార్చిలో, జారు గద్దె దిగడానికి సరిగ్గా ముందురోజు, పెట్రోగ్రాడ్ సోవియట్ సైన్యానికి మొట్టమొదటి ఉత్తర్వు జారీ చేసింది. ఆయుధాలెవరి చేతిలో ఉండాలి, కమిటీలెలా వేసుకోవాలి అన్న పెద్ద విషయాల చివర ఇంకోటి ఉంది. ఇకమీదట అధికారులు సిపాయిలను ‘తి’ అని పిలవకూడదు. మూడు వందల ఏళ్ళ రాజవంశం కూలిపోతున్న వారంలో, బయట వీధుల్లో రొట్టె దొరకని రోజుల్లో, ‘ఒరేయ్ అని పిలవొద్దు’ అని రాయించుకోవాలని ఆ సిపాయిలకు తోచింది. ఎంత మంట పెట్టి ఉండాలి ఆ చిన్న మాట! మా ఊరి పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన ఎవరి చేతా ఏ ఉత్తర్వూ రాయించలేదు.

మూడో వారమో నాలుగో వారమో, జాతీయతల గురించిన పాఠం వచ్చింది. ఓడలో పనిచేసే కుర్రాడు లేచి, ‘మీరు రష్యన్లు కదా మేడమ్’ అని ఏదో అడగబోయాడు. ఆవిడ సుద్దముక్క పక్కన పెట్టి, ‘కాదండీ’ అంది. గది నిశ్శబ్దమైంది. ‘మాది కజాన్. తాతార్లం.’ అప్పుడు బల్ల మీద రెండు మాటలు రాసింది. రూస్కీ, రస్సీస్కీ. రెంటికీ మన దగ్గర ఒకటే మాట, రష్యన్. మొదటిది జాతిని, భాషను చెప్పే మాట. రెండోది రాజ్యాన్ని చెప్పే మాట. ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్నవాళ్ళంతా రస్సియానిన్‌లే, ఆడవాళ్ళయితే రస్సియాంకాలు. వాళ్ళల్లో రూస్కీలు ఎక్కువమందే గానీ అందరూ కాదు. 190కి పైగా జాతులున్నాయట. వోల్గా ఒడ్డున తాతార్లు, కాకసస్ కొండల్లో చెచెన్లు, అవార్లు, బుద్ధుణ్ణి కొలిచే కల్మీకులు, బుర్యాత్‌లు, మంచులో రెయిన్‌డీర్లను మేపుకునే నేనెట్స్‌లు. ఆవిడ తండ్రిది అరబ్బీ పేరు. దాని చివర రష్యన్ తోక. ముందు మన తెలుగు ఇంటిపేరు. ఆ మూడూ కలిపి ఆధార్ కార్డులో ఎలా పట్టించారో అడగాలనిపించింది కానీ బాగుండదని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ మా పాఠ్యపుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట చూపించింది. రష్యా అంటే ఎవరికైనా కళ్ళముందు మెదిలే బొమ్మే. ఎర్ర మైదానంలోని సెయింట్ బాసిల్ చర్చి, రంగురంగుల ఉల్లిపాయ గోపురాలతో. క్యాలెండర్ల మీద, టీ డబ్బాల మీద, విమానం టికెట్లమ్మే కొట్ల అద్దాల మీద అదే ఉంటుంది. ‘ఇది ఎందుకు కట్టారో తెలుసాండీ?’ అంది. 1552లో నాలుగో ఇవాన్ కజాన్‌ని ముట్టడించి గెలిచాడు. ఆ గెలుపుకి గుర్తుగా 1555 నుంచి 1561 దాకా కట్టించిన చర్చి అది. ఆవిడ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. అత్తగారింటి వంట గురించి చెప్పినట్టే చెప్పింది. చిన్నప్పుడు బడిలో ఆ చర్చి బొమ్మ వేస్తే తనకు బహుమతి కూడా వచ్చిందట. పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, ‘సరే, షష్ఠీ విభక్తి’ అంది. మరి నాకెందుకు కాలు నిలవలేదు? నలభై ఏళ్ళుగా ఆ గోపురాలను చూస్తూ ‘రష్యా’ అనుకున్నాను. ఎవరి రష్యా అని ఒక్కసారీ తోచలేదు.

ఇంటికొచ్చి పుస్తకాల బీరువా తెరిచాను. నాలాంటి వయసువాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి అర ఒకటుంటుంది. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ ఊళ్ళోకొచ్చిన రోజు నాన్న రెండు రూపాయలిస్తే అట్టబైండు పుస్తకం వచ్చేది. దాని జిగురు వాసన ఇప్పటికీ పోలేదు. సోవియట్ భూమి పత్రిక కాగితం నున్నగా, దళసరిగా ఉండేది. ప్రతి జూన్ నెలా మా స్కూలు పుస్తకాలకు అట్టలు అవే. లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు, సాంఘిక శాస్త్రం మీద మంచులో స్కీల మీద జారుతున్న పిల్లలు. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్ళు మాస్కోలో కూర్చుని తెలుగు చేసి పంపినవి అందులో బోలెడు. ఆ అరని మా ఇంట్లో ‘రష్యన్ పుస్తకాలు’ అనేవాళ్ళం. ఇప్పుడు ఒక్కోటీ తీసి చూస్తుంటే నవ్వొచ్చింది. ‘జమీల్యా’ రాసిన చింగీజ్ ఐత్మాతొవ్ కిర్గిజ్ వాడు. ఆ కథ కిర్గిజ్ స్తెప్పీలో జరిగింది. ‘నా దాగెస్తాన్’ రాసిన రసూల్ గమ్జాతొవ్ అవార్, అవార్ భాషలోనే కవిత్వం రాశాడు. గోగోల్ పుట్టి పెరిగింది ఉక్రెయిన్‌లో, రాసింది రష్యన్‌లో. ఆయన మావాడంటే మావాడని రెండు దేశాలవాళ్ళూ అంటారు. 2022 ఫిబ్రవరిలో రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద పడ్డాక ఆ తగువు మాటల తగువుగా మిగల్లేదు. పదిహేను రిపబ్లిక్కుల కథలని ఒక అరలో కూరేసి, మీద ఒక పేరు రాసుకున్నాం మేము. ఆ పుస్తకాలను అంత ప్రేమగా చదివినవాళ్ళమే ఆ పని చేశాం.

1989లో ఒక పరీక్ష కోసం ఢిల్లీలో ఆరు నెలలున్నాను. గది అద్దెకిచ్చినాయన నన్ను మద్రాసీ అనేవాడు. కాదండీ, మాది ఆంధ్ర, మేం తెలుగు మాట్లాడతాం అని వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆయన ఎంతో ఆప్యాయంగా తల ఊపి, ‘హా హా, మద్రాసీ’ అన్నాడు. ఎంత ఒళ్ళు మండిందో ఇప్పటికీ గుర్తుంది. ఉత్తరాల్లో నాన్నకి రాశాను కూడా. ఆ ఆర్నెల్లూ నా సంచిలో ఐత్మాతొవ్ ఉన్నాడు. ‘రష్యన్ నవల చదువుతున్నాను’ అని కూడా అదే ఉత్తరంలో రాశాను.

ఇంతకీ రూస్కీ అంటే ఎవరు? ఈ ప్రశ్నకి జవాబు వెతకబోతే అక్కడి పెద్ద పేర్లే అడ్డొస్తాయి. రష్యన్ కవిత్వానికి సూర్యుడనిపించుకున్న పుష్కిన్‌కి తల్లివైపు ముత్తాత ఆఫ్రికా నుంచి వచ్చినవాడు, పీటర్ చక్రవర్తి కొలువులో పెరిగినవాడు. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి సుమారు రెండు లక్షల మాటలు ఏరి, 1863 నుంచి 1866 దాకా నాలుగు సంపుటాల నిఘంటువు తెచ్చిన వ్లదీమిర్ దాల్ తండ్రి డెన్మార్క్ మనిషి. రష్యా ప్రకృతిని చూడాలంటే ఇతని కళ్ళతోనే చూడాలని అనిపించుకున్న చిత్రకారుడు లెవితాన్ యూదుడు. యూదుడన్న కారణంగానే మాస్కోలోంచి వెళ్ళగొట్టారు అతన్ని. వెళ్ళి, ఊరి బయట కూర్చుని, తనను ఉండనివ్వని నేల బొమ్మలే గీశాడు. సోవియట్ కాలంలో 1932 నుంచి దేశం లోపల తిరగడానికే పాస్‌పోర్టు పెట్టారు. అందులో జాతి రాసే గడి ఒకటుండేది. జనం దాన్ని ‘అయిదో గడి’ అనేవాళ్ళు. తల్లిదీ తండ్రిదీ ఒకే జాతయితే పిల్లవాడు ఎన్నుకోవడానికేమీ లేదు. వేర్వేరైతే పదహారో ఏట ఒకటి ఎంచుకోవాలి. ఏ కాలేజీలో సీటొస్తుందో, ఏ ఉద్యోగం రాదో ఆ గడి చూసి చాలామందికి ముందే తెలిసిపోయేది. 1997లో వచ్చిన కొత్త పాస్‌పోర్టుల్లోంచి ఆ గడి తీసేశారు. తండ్రి పేరు ఉంచారు.

మేమెవరం అని తమను తాము ఇంతగా అడుక్కున్న జనం తక్కువేమో. 1836లో చాదాయెవ్ అనే ఆయన, మనం తూర్పుకీ చెందం పడమరకీ చెందం, లోకానికి మనమిచ్చిందేమీ లేదు అన్న ధోరణిలో ఫ్రెంచిలో ఒక ఉత్తరం రాస్తే దాని అనువాదం ఒక పత్రికలో అచ్చయింది. పత్రిక మూతపడింది, సంపాదకుణ్ణి ప్రవాసం పంపేశారు. చాదాయెవ్‌కి మతి చలించిందని మొదటి నికొలాయ్ చక్రవర్తే ప్రకటించాడు. కొన్నాళ్ళపాటు వైద్యుడు ఇంటికొచ్చి చూసి వెళ్ళేవాడు. పడమటి దారే మేలన్నవాళ్ళు ఒకవైపు, మన స్లావ్ వేర్లే మనకు చాలన్నవాళ్ళు ఇంకోవైపు, ఆ శతాబ్దమంతా కొట్లాడుకున్నారు. మెడిసిన్‌కి వెళ్ళబోయే పిల్లవాడొకడు, ‘ఇందులో ఎవరు కరెక్టు సర్?’ అని నన్నడిగాడు. నాకు తెలిస్తే అఆలు నేర్చుకుంటూ ఇక్కడెందుకు కూర్చుంటాను!

జనం బతుకులోకి దిగితే ఈ గొడవలు కాస్త చల్లబడతాయి. గడపకి అటూ ఇటూ నిలబడి వాళ్ళు చేతులు కలపరు, వస్తువు ఇవ్వరు. మా అమ్మ గడప మీద నిలబడి పాలవాడి చేతిలో డబ్బు పెట్టేది కాదు. ప్రయాణం బయల్దేరేముందు సామాన్లన్నీ సర్దుకుని, తలుపు దగ్గర అందరూ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారట. మేడమ్ ఇప్పటికీ విజయవాడ వెళ్ళాలన్నా కూర్చుంటుంది. డాక్టరుగారు రైలు తప్పిపోతుందని గొడవ పెడతారట. టీని వాళ్ళు ‘చాయ్’ అంటారు. మన తెలంగాణ వాళ్ళూ అంతే. చైనా నుంచి ఒంటెల బిడారుల మీద కజాన్‌కీ మాస్కోకీ వెళ్ళిన మాటే ఇంకో దారిలో హైదరాబాద్ చేరింది. ఈ పోలికలు చెప్పుకుంటూ పోతే భలే సరదాగా ఉంటుంది గానీ, వీటిని నమ్ముకుని ‘మనమూ వాళ్ళూ ఒకటే’ అనేయడం మళ్ళీ ఢిల్లీ ఇంటాయన పనే అవుతుందేమోనని భయం.

చివరి తరగతిలో ఒక్కొక్కరూ అయిదు నిమిషాలు మాట్లాడాలన్నారు. నేను అఫనాసీ నికీతిన్‌ని ఎంచుకున్నాను. 1470 ప్రాంతంలో బహమనీ సుల్తానుల బీదర్‌కి వచ్చి, తిరిగి, చూసినదంతా రాసుకున్న వర్తకుడు. శివరాత్రి తీర్థానికి పర్వత్ అనే చోటికి జనంతో కలిసి వెళ్ళానని రాశాడు. అది మన శ్రీశైలమని పండితులంటారు. అక్కడి గుడి తన ఊళ్ళో సగమంత ఉందని, గుళ్ళో నల్లరాతి ఎద్దు ముందు జనం పూలు చల్లుతున్నారని రాసుకున్నాడు. మా తరగతి లాంటి అవస్థే ఆయనదీ. వీళ్ళు ఎవరితో కలిసి తింటారు, ఏ చేత్తో తింటారు, దేవుణ్ణి ఏమంటారు అని ప్రతిదానికీ తడుముకున్నాడు. దారిలో దొంగలు ఆయన పుస్తకాలు దోచుకున్నారు. వాటితోపాటు పండగల లెక్కా పోయింది. ఈస్టర్ ఎప్పుడొస్తుందో తెలియక, చుట్టూ ఉన్న ముస్లిములు ఉపవాసముంటే తానూ ఉన్నాడు. ఇక్కడ ఆయన పేరు ఖోజా యూసుఫ్ ఖురాసానీ. మరి ఆయన్ని రష్యన్ అనొచ్చా? ఆయన ఊరు త్వేర్. అప్పటికి అది వేరే సంస్థానం. మాస్కో దాన్ని కలుపుకున్నది 1485లో, ఆయన పోయిన తర్వాత. ఇల్లు చేరకుండానే, స్మోలెన్‌స్క్ దగ్గర దారిలోనే పోయాడు.

ఆయన రాతలో ఒకచోట ఉన్నట్టుండి భాష మారిపోతుంది. తన నేల గురించి గుండెలోని మాట చెప్పుకునేచోట రష్యన్ వదిలేసి, బజార్లలో నేర్చిన తుర్కీలోకి వెళ్ళిపోతాడు. నా దగ్గరున్న పుస్తకంలో ఆ వాక్యాల కింద రష్యన్ అర్థం చిన్న అక్షరాల్లో వేశారు. అదీ నాకు సగం అర్థం కాలేదు. పుస్తకం మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ కింద ఉన్న చిన్న అక్షరాలు చూడలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని పై వాక్యాన్నే మెల్లగా, పెదాలతో చదివింది. మళ్ళీ చదివింది. ‘ఇది మా నానమ్మ మాట్లాడినట్టుందండీ’ అంది. తర్వాత తెలుగులో చెప్పింది. రూస్ నేలను దేవుడు చల్లగా చూడాలంటున్నాడట, అలాంటి దేశం లోకంలో లేదట, అక్కడి దొరలకు మాత్రం న్యాయం తెలియదట. ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. కిటికీ బయట బీచ్ రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. వెనక బెంచీలోంచి, దేనికొచ్చిందో చెప్పని ఆ అమ్మాయి అడిగింది.

‘మేడమ్, నికీతిన్ అంటే ఇంటిపేరా?’

‘కాదమ్మా. అప్పటికి ఇంటిపేర్లెక్కడివి. నికీతా కొడుకు.’